రాళ్లు లేని తక్కెడ

కనుపర్తి ఉప్పుమళ్లలో
ఎండ నీళ్లన్నీ తాగి పోయాక
అడుగున మిగిలిన తెల్లదనాన్ని
పారతో దగ్గరికి లాగి గోతాలకెత్తేది
మా మేనత్త మాలకొండమ్మ.

బండి పడమటికి తిరిగేది.
చీమకుర్తి దాటితే గాలిలో తడి పోయేది.
పొదిలి దగ్గర దుమ్ము ఎర్రబడేది.
గోతాల మీద బోర్లా పడుకున్న నాకు
మోచేతుల గీరుళ్లలో ఉప్పు కరిచి
ఏడుపు రాబోయి ఆగేది.

మర్రిపూడి అవతల పల్లెల్లో
అత్త డబ్బులడగదు.
"మీ పులుపు నాకు, నా ఉప్పు మీకు"
అని ఒక్క కేక.
ఆ తక్కెడకు తూనికరాళ్లు లేవు.
ఒక పళ్లెంలో ఉప్పు, ఇంకో పళ్లెంలో చింతపండు,
ముల్లు నిలబడిందాకా ఎవరూ ఊపిరి తియ్యరు.
బాకీ లేదు, మిగులు లేదు.
ఏ గుమ్మంలో చింతపండు మాగిన వాసన లేదో
ఆ గుమ్మం ముందు బండి ఆపేది కాదు.

ఇప్పుడు ఒంగోలు ఆసుపత్రిలో
రాత్రి డ్యూటీలో ఉన్నాను.
రక్తం చుక్క మింగి అంకె కక్కే మిషను ముందు.
నాగుల్‌మీరా, నలభై ఆరేళ్లు,
చీమకుర్తి గనిలో రాయి కోసేవాడు.
గుండెకు పోయే దారి మూసుకుంది.
ఏడు పాయింట్ ఒకటి ఎనిమిది.
పులిసిపోతున్నాడు మనిషి.

ప్రతి కణం గోడలోనూ మా అత్త ఉంది.
లోపల పులుపు పెరిగిందాకా కునుకుతుంది.
పెరిగిందా, లేచి కూర్చుంటుంది.
బయట కనుపర్తి అంత ఉప్పు,
లోపల మర్రిపూడి అంత కరువు.
ఒక సోడియం లోపలికి,
ఒక హైడ్రోజన్ బయటికి.
ఉప్పు పల్లానికి దొర్లే ఊపు మీదే
పులుపు గట్టెక్కుతుంది.
ఈ గుమ్మంలో కూలి అడిగేవాళ్లు లేరు.

కూలి అడిగేవాడు పక్క గుమ్మంలో ఉంటాడు.
వచ్చిపడ్డ ఉప్పును మూడేసి గంపలు బయటికి మోసి
రెండేసి పొటాషియం గంపలు లోపలికి తెస్తాడు.
అన్నం పెడితేనే మోస్తాడు.
ఊపిరందని కణంలో
వాడికి అన్నం పెట్టేదెవరు?

ఒంటిగంటకు దారి తెరిచారు.
నెత్తురు పారిందన్నారు.
వరండాలో అతని బామ్మర్ది
వాచ్‌మన్‌ను కావిలించుకుని ఏడ్చాడు.

నాకు తుఫాను ఏడాది గుర్తొచ్చింది.
వాగులు తెగి మూడు నెలలు బండి పోలేదు.
పోయిన రోజున జనం ఎగబడ్డారు,
పేరుకున్న చింతపండంతా ఒక్కపూటే తెచ్చి
గోతాలు గోతాలు ఉప్పు ఇళ్లల్లో పోసుకున్నారు.
మళ్లీ ముసురు పట్టింది.
ఉప్పు చెమర్చి, కారి,
మట్టిగోడల్ని మొదట్నుంచీ తినేసింది.
మరుసటేడు పోతే
సూరమ్మవాళ్ల పడమటి గోడ లేదు.
అత్త ఆ ఖాళీ వైపు చూసి
తక్కెడ సంచిలోంచి తియ్యనే లేదు ఆ పూట.

ఇప్పుడా గుండెలోనూ
గుమ్మాలన్నీ ఒక్కసారే లేచుంటాయి.
పులుపు బయటికి, ఉప్పు లోపలికి, తొందర తొందరగా.
ఉప్పు నిండితే దాని వెనకే కాల్షియం దూరుతుంది,
కండ ముడుచుకుని వదలదు.
ఇది నేను ఎవరికీ చెప్పలేదు.
అంకెలు చెప్పడమే నా పని.

మూడింటికి ఏడు పాయింట్ రెండు నాలుగు.
నాలుగున్నరకు ఏడు పాయింట్ మూడు.
తెరలో గీత ఒకచోట తడబడి
మళ్లీ దారిలో పడింది.

తెల్లారేసరికి అతని భార్య కరీమూన్
స్టీలు క్యారియర్‌తో కిటికీ దగ్గరికొచ్చింది.
"ఉప్పు తగ్గించమన్నారంట గదా మేడమ్,
చారులో పులుపన్నా ఎప్పట్లా వెయ్యచ్చా?"

డాక్టర్ని అడగమ్మా అనబోయాను.
నా చేతులు రెండూ
బల్ల మీద ఒకటి పైకి, ఒకటి కిందికి
ముల్లు కోసం చూస్తూ ఉండిపోయాయి.